బంతి మళ్లీ అతని చేతికే!

రాత్రి తొమ్మిదిన్నర. అమీర్‌పేటలోనో సనత్‌నగర్‌లోనో ఓ అపార్టుమెంటు. టేబుల్ మీద అన్నం గిన్నె చల్లారిపోతోంది. 'ఒక్క పది నిమిషాలమ్మా... కాల్ అయిపోతుంది' అంటాడు కొడుకు, చెవిలో ఇయర్‌ఫోన్ తీయకుండానే. ఆ పది నిమిషాలూ గంటవుతాయి. అమెరికా పశ్చిమ తీరంలో అప్పుడు ఉదయం తొమ్మిది. అక్కడివాళ్లు కాఫీ కప్పుతో మొదటి మీటింగ్‌కి కూర్చునే వేళ. చలికాలంలో వాళ్లు గడియారాల్ని గంట వెనక్కి తిప్పుకుంటారు కాబట్టి ఇక్కడ అది పదిన్నర. 'పొద్దుట్నుంచీ ఏం చేశావురా?' అని అమ్మ అడిగితే వచ్చే జవాబు చాలా ఇళ్లలో ఒకటే... 'మీటింగులు!'

'మరి పనెప్పుడు చేస్తావ్?' ఇది నాన్న సందేహం.

ఆ సందేహానికి కారణం ఉంది. ఒకప్పుడు ఇదే సనత్‌నగర్‌లో ఆల్విన్ ఫ్యాక్టరీ ఉండేది. ఫ్రిజ్‌లూ బస్సు బాడీలూ తయారయ్యేవి. షిఫ్టు ముగిసేసరికి ఎన్ని పూర్తయ్యాయో లెక్క కళ్లముందే కనిపించేది. సూపర్‌వైజర్ ఓ చుట్టు తిరిగొస్తే చాలు, పని ఎక్కడ ఆగిందో తెలిసిపోయేది. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అలా కాదు. పాతికమంది వరసగా కూర్చుని కీబోర్డులు టకటకలాడిస్తుంటే ఎవరి పని సాగుతోందో, ఎవరు మూడు రోజులుగా ఒకే చిక్కుముడి దగ్గర కొట్టుకుంటున్నారో చూసి చెప్పడం బ్రహ్మకి కూడా సాధ్యం కాదు. అడగాలి. వాళ్లు చెప్పాలి. ఆ అడగడానికీ చెప్పడానికీ పెట్టుకున్నదే మీటింగ్.

దీన్ని లెక్కగట్టి చెప్పినాయన ఫ్రెడరిక్ బ్రూక్స్. 1960ల్లో ఐబీఎం వాళ్ల ఓఎస్/360 అనే భారీ సాఫ్ట్‌వేర్ తయారీని నడిపించిన పెద్దమనిషి. ఆ అనుభవంతోనే 1975లో 'ద మిథికల్ మ్యాన్-మంత్' పుస్తకం రాశారు. అసలే ఆలస్యమైన ప్రాజెక్టులోకి కొత్తగా ఇంకొందర్ని తెచ్చిపెడితే అది మరింత ఆలస్యమవుతుందన్నది ఆయన తేల్చిన సంగతి. ఎందుకంటే అయిదుగురు పనిచేస్తే ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జంటలు 10. పదిమందైతే 45. యాభైమందైతే ఏకంగా 1225! మనుషులు పెరిగినకొద్దీ పనికంటే మాటలే ఎక్కువవుతాయి. పెళ్లింట్లో అజమాయిషీ చేసేవాళ్లు పదిమంది ఉంటే వడ్డన ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకి ఇదేమీ కొత్త కాదు.

కోర్సులన్నీ ఉన్నాయి... ఇది తప్ప

మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లోకి వెళ్తే ఆకాశం కనిపించకుండా బోర్డులే. ఒకప్పుడు జావా, ఒరాకిల్, డాట్‌నెట్... తర్వాత క్లౌడ్, డేటా సైన్స్. కోర్సు పేర్లు మారాయి గానీ హాస్టళ్లూ టిఫిన్ బండ్లూ చేతిలో పెట్టే కరపత్రాలూ మారలేదు. ఊరి నుంచి బ్యాగుతో దిగిన కుర్రాడు కొన్ని నెలలు ఇక్కడ కుస్తీపట్టి ఉద్యోగం సంపాదిస్తాడు. అయిదారేళ్లు బాగా పనిచేస్తాడు. ఓ రోజు పిలిచి 'ఇకనుంచీ నువ్వు టీమ్ లీడ్‌వి' అంటారు.

అక్కడ మొదలవుతుంది అసలు కష్టం. నిన్నటిదాకా క్యాంటీన్లో సమోసా పంచుకున్న స్నేహితుడికి ఇవాళ అప్రైజల్ రాయాలి. వయసులో పెద్దాయనకి పని అప్పగించాలి. 'అన్నా' అని పిలిచే కుర్రాడి పని బాగాలేదని మొహంమీదే చెప్పాలి. కంప్యూటర్‌కి ఒకే మాట వందసార్లు చెప్పినా వందసార్లూ ఒకేలా వింటుంది. మనుషులు అలా వినరు కదా! కోడ్ రాయడంలో చేయితిరిగినవాడు మనుషులతో పనిచేయించే దగ్గర తడబడేది అందుకే. ఆ విద్య నేర్పుతామన్న బోర్డు ఆ సందుల్లో అరుదు.

తెలియనప్పుడు ఏం చేస్తారు? పైవాళ్లు చేసేదే చేస్తారు. రోజూ పొద్దున నిలబడే పావుగంటలో ముగించే 'స్టాండప్' మీటింగ్‌నే తీసుకోండి. 1995లో జెఫ్ సదర్‌లాండ్, కెన్ ష్వేబర్ లోకానికి పరిచయం చేసిన 'స్క్రమ్' పద్ధతితో ప్రచారంలోకి వచ్చిందది. నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, దారికి అడ్డేమైనా ఉందా... ఇంతే. వీటిలో ముఖ్యమైంది మూడోది. కానీ చాలాచోట్ల అది బళ్లో హాజరు పిలుపులా తయారైంది. ఒక్కొక్కరూ 'ప్రెజెంట్ సర్' అన్నట్టు రెండు ముక్కలు అప్పజెప్పి, 'నో బ్లాకర్స్' అనేసి ఊరుకుంటారు. అడ్డంకులు లేక కాదు. ఉన్నాయంటే ఏమవుతుందోనని.

బేగంపేట మైదానంలో...

అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే నాగోలు వైపు తరవాతి స్టేషనే బేగంపేట. దానికి దగ్గర్లోనే ఉంది హైదరాబాద్ పబ్లిక్ స్కూల్. జాగీర్దార్ల పిల్లల కోసం 1923లో మొదలైన కాలేజీ అది. జాగీర్లు పోయాక 1951లో పబ్లిక్ స్కూలైంది. మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల చదివింది ఇక్కడే. తండ్రి యుగంధర్ ఐఏఎస్ అధికారి. కొడుక్కి మాత్రం క్రికెట్ పిచ్చి. ఐఐటీ ప్రవేశ పరీక్షలో సీటు రాలేదని ఆయనే చెప్పుకున్నారు. (ఈ ముక్క ఇంట్లో పిల్లల ఎదుట చదవాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టం!)

2017లో వచ్చిన 'హిట్ రిఫ్రెష్' పుస్తకంలో నాదెళ్ల ఓ మ్యాచ్ గురించి రాశారు. స్కూలు జట్టులో ఆయన ఆఫ్ స్పిన్నర్. ఆ రోజు బంతి చెప్పినమాట వినడంలేదు. అవతలివాళ్లు ఉతికి ఆరేస్తున్నారు. ఓవర్ అవగానే కెప్టెన్ ఆయన్ని తప్పించి తనే బౌలింగ్‌కి దిగాడు. నిజానికి అతను బ్యాట్స్‌మన్, బౌలింగ్ అంతంతమాత్రం. అయినా వెంటనే వికెట్ పడింది. వికెట్ తీసినవాడు మరో ఓవర్ వేసుకోవడం మామూలే. ఎవరూ కాదనరు. కానీ ఆ కెప్టెన్ బంతిని తీసుకొచ్చి మళ్లీ నాదెళ్ల చేతిలోనే పెట్టాడు. ఆ మ్యాచ్‌లో నాదెళ్లకి ఏడు వికెట్లు! కెప్టెన్ అలా ఎందుకు చేసినట్టు? సీజన్ అప్పుడే మొదలైంది, ఏడాది పొడవునా తనతో పనుంది, ఇప్పుడు ధైర్యం పోతే మళ్లీ రావడం కష్టమని అతను అనుకుని ఉంటాడన్నది నాదెళ్ల ఊహ.

పని చెడుతున్నప్పుడు చూస్తూ ఊరుకోలేదు, బంతి లాక్కున్నాడు. పని చక్కబడ్డాక తనే అట్టేపెట్టుకోలేదు, తిరిగి ఇచ్చేశాడు. చాలామంది మేనేజర్లకి మొదటిది వచ్చు. అర్ధరాత్రి కూర్చుని కుర్రాడి కోడ్ మొత్తం తామే తిరగరాసి, తెల్లారి మీటింగ్‌లో 'నేను సరిచేశా' అని చెప్పేస్తారు. రెండోది చేయాలంటేనే ప్రాణం ఒప్పదు.

అదే పుస్తకంలో ఇంకో కథ ఉంది. ఆయన ఆడిన ఓ జట్టులో గొప్ప ఫాస్ట్ బౌలర్ ఒకతను ఉండేవాడు. ఓ మ్యాచ్‌లో కెప్టెన్ అతన్ని తప్పించి వేరేవాళ్లకి బంతి ఇచ్చాడు. కాసేపటికి బ్యాట్స్‌మన్ గాల్లోకి లేపిన బంతి సరిగ్గా మిడాఫ్‌లో ఉన్న ఆ ఫాస్ట్ బౌలర్ వైపే వచ్చింది. చిన్నపిల్లాడైనా పట్టేసే క్యాచ్. అతను మాత్రం రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, బంతి తన ముందు పడుతుంటే చూస్తూ నిలబడ్డాడు.

సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్లకి ఈ మనిషి ఎక్కడో తగిలే ఉంటాడు. తప్పు ఎక్కడుందో అతనికి తెలుసు. మీటింగ్‌లో ఆ మాట తన ముందుకే వస్తుంది. పట్టుకోడు. 'నన్నెవరూ అడగలేదుగా' అంటాడు.

ఏకగ్రీవం

మీటింగ్‌లో ఎవరూ 'వద్దు' అనకపోతే ఎంతదాకా వెళ్తుందో హైదరాబాద్‌కి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. 1987లో పుట్టి, మన పిల్లలకి వేలల్లో ఉద్యోగాలిచ్చిన సత్యం కంప్యూటర్స్ బోర్డు 2008 డిసెంబర్ 16న సమావేశమైంది. ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి సంబంధించిన రెండు మేటాస్ కంపెనీల్ని 160 కోట్ల డాలర్లకి కొనాలన్నది ప్రతిపాదన. ఒకటి స్థిరాస్తి వ్యాపారం, రెండోది నిర్మాణ రంగం. సాఫ్ట్‌వేర్ కంపెనీకి వాటితో ఏం పని? ఆ బోర్డులో సామాన్యులెవరూ లేరు. హార్వర్డ్ ప్రొఫెసర్, కేంద్ర ప్రభుత్వ మాజీ క్యాబినెట్ కార్యదర్శి, ఐఎస్‌బీ డీన్... అందరూ ఉద్దండులే. ప్రశ్నలు రాలేదనలేం. కానీ చివరికి తీర్మానం మాత్రం ఏకగ్రీవం.

మదుపరులు భగ్గుమనడంతో గంటల్లోనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. మూడు వారాలు తిరిగేసరికి, 2009 జనవరి 7న రాజు లేఖ బయటికొచ్చింది. ఏళ్ల తరబడి లెక్కల్లో చూపించిన వేల కోట్లు అసలు లేనే లేవని! ఆ రోజు కంపెనీ చెప్పుకునే లెక్క ప్రకారం ఉద్యోగులు యాభై వేల పైమాటే. వాళ్ల వెనక గృహరుణాలూ చెల్లెళ్ల పెళ్లిళ్లూ పిల్లల ఫీజులూ. ఆ సంక్రాంతికి ఎన్ని ఇళ్లలో పండగ బోసిపోయిందో. ప్రభుత్వం పాత బోర్డుని పక్కనపెట్టి కొత్తవాళ్లని కూర్చోబెట్టింది. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా చేతికి వచ్చేదాకా ఆ కుటుంబాలకి నిద్రలేదు. తర్వాత కూడా పనిలేక మిగిలినవాళ్లు వేలల్లోనే తేలారు.

పెద్ద హోదా, పెద్ద చదువు ఉన్నంత మాత్రాన మీటింగ్‌లో నోరు పెగలదు. పైగా హోదా ఉన్నవాళ్లకే పోగొట్టుకునేది ఎక్కువ.

లేచింది ఒక్కరే!

2014 ఫిబ్రవరి 4న నాదెళ్ల పగ్గాలు చేపట్టేనాటికి మైక్రోసాఫ్ట్‌లో ఉన్న జబ్బూ ఇలాంటిదే. 2011లో ఓ కార్టూనిస్టు ఆ కంపెనీలోని విభాగాలు ఒకదానిమీద ఒకటి తుపాకులు ఎక్కుపెట్టినట్టు బొమ్మ గీస్తే లోకమంతా నవ్వుకుంది. దీనికి తోడు 'స్టాక్ ర్యాంకింగ్' ఒకటి. టీమ్‌లో అందరూ బాగా పనిచేసినా సరే, కొందరికి తక్కువ మార్కులు వేసి తీరాల్సిందే. తరగతిలో అందరూ బాగా రాసినా ఇద్దర్ని ఫెయిల్ చేయాలన్నట్టు! అలాంటిచోట పక్కవాడికి సాయపడితే నష్టపోయేది మనమే. మనదేశంలో చాలా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకి 'బెల్ కర్వ్' పేరుతో పరిచయమైన బాధే ఇది. మైక్రోసాఫ్ట్ ఆ పద్ధతిని 2013 నవంబర్లో, అంటే నాదెళ్ల రాకముందే ఎత్తేసింది. కాగితం మీద నియమం పోయింది. మనసుల్లో భయం పోవద్దూ?

సీఈఓ అయిన కొత్తలో ఆయన తన అగ్రశ్రేణి బృందాన్ని ఓచోట కూర్చోబెట్టి, మైకేల్ జెర్వైస్ అనే మానసిక నిపుణుణ్ని పిలిపించారు. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సియాటిల్ సీహాక్స్‌తో పనిచేసినాయన. ఫోన్లు లేవు, ల్యాప్‌టాప్‌లు లేవు. 'అసాధారణమైన అనుభవం ఒకటి కావాలా?' అని అడిగారు జెర్వైస్. అందరూ ఊఁ అన్నారు. 'అయితే ఒకరు లేచి రండి' అన్నారు. ఎవరూ కదల్లేదు. కాసేపు ఇబ్బందికరమైన నిశ్శబ్దం. చివరికి ఆర్థిక వ్యవహారాలు చూసే ఏమీ హుడ్ లేచారు. అప్పగించిన పని చూస్తే నవ్వొస్తుంది... అక్షరాలూ అంకెలూ కలిపి 'ఏ వన్ బీ టూ సీ త్రీ' అంటూ చకచకా చెప్పడం. అంతే!

అప్పుడు అసలు ప్రశ్న వేశారు జెర్వైస్. 'మిగతావాళ్లు ఎందుకు లేవలేదు?' అందరూ బూట్ల వంక చూసుకున్నారు. మెల్లగా ఒక్కో కారణం బయటికొచ్చింది. నవ్వుతారేమోనని. తప్పు చెబుతామేమోనని. ఈ గదిలో అందరికంటే తెలివైనవాడిలా కనిపించమేమోనని. ఇంత పెద్దవాణ్ని, నాకెందుకీ ఆటలని. ప్రపంచంలోకెల్లా పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఒకదాన్ని నడిపే మహామహులు... స్టాండప్‌లో 'నో బ్లాకర్స్' అనే కుర్రాడి భయమే వాళ్లదీ.

ఈ భయం ఖరీదు ఎంతో హార్వర్డ్ ప్రొఫెసర్ ఏమీ ఎడ్మండ్‌సన్‌కి ఆసుపత్రుల్లో తెలిసింది. 1990ల్లో ఆమె మందుల విషయంలో జరిగే పొరపాట్లమీద అధ్యయనం చేశారు. మంచి బృందాల్లో తప్పులు తక్కువుంటాయనుకుంటే లెక్క తిరగబడింది. వాటిలోనే ఎక్కువ నమోదయ్యాయి! కారణం వెతికితే తేలిందేమిటంటే, వాళ్లు ఎక్కువ తప్పులు చేయడంలేదు. చేసినవాటిని దాచడంలేదు.

మరి చెప్పుకోగలిగేలా చేయడం ఎలా? రకరకాల ఉపాయాలున్నాయి. అమెజాన్‌లో జెఫ్ బెజోస్ 2004లో పవర్‌పాయింట్ బొమ్మల్ని మానిపించారు. ఆరు పేజీల్లో విషయం రాసుకొస్తారు, మీటింగ్ మొదట్లో అందరూ మౌనంగా కూర్చుని చదువుతారు, ఆ తర్వాతే మాటలు. గొంతు పెద్దదైనవాడిది పైచేయి కాకుండా ఇది కొంత ఆపుతుంది. ఇంటెల్‌ని నడిపిన ఆండ్రూ గ్రోవ్ 1983లోనే 'హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్'లో ఓ మాట రాశారు. మేనేజర్ ఒక్కో ఉద్యోగితో విడిగా మాట్లాడే మీటింగ్ ఉద్యోగిదేనట, ఏం మాట్లాడాలో అతనే నిర్ణయించుకోవాలట. మన దగ్గర ఆ అరగంటలో పాతిక నిమిషాలు మాట్లాడేది ఎవరో చెప్పక్కర్లేదు. నాదెళ్ల పాటించే సూత్రాలూ చిన్నవే. ఎక్కువ వినడం, తక్కువ మాట్లాడటం, సమయం వచ్చినప్పుడు నిర్ణయం తేల్చేయడం. మూడోది మరిచిపోతే మొదటి రెండూ వృథా. విన్నంతసేపు విని ఏదీ తేల్చని బాస్ ఉన్నచోట అదే మీటింగ్ వచ్చేవారం మళ్లీ జరుగుతుంది.

'బిడ్డని ఎత్తుకోవాలి!'

ఈ వినే గుణం నాదెళ్లకి పుట్టుకతో వచ్చిందేమీ కాదు. 1992లో మైక్రోసాఫ్ట్ ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు రిచర్డ్ టెయిట్ అనే మేనేజర్ కోడింగ్ ప్రశ్నలన్నీ అయ్యాక ఒకటి అడిగారు. 'రోడ్డుమీద పసిబిడ్డ పడి ఏడుస్తోంది. ఏం చేస్తావ్?' పాతికేళ్ల నాదెళ్ల ఆలోచించి, అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తానన్నారు. టెయిట్ లేచొచ్చి భుజంమీద చెయ్యేశారు. ముందు బిడ్డని ఎత్తుకోవాలి, నీకు ఎదుటివాళ్ల బాధ అర్థంకావాలి అన్నారు. ఉద్యోగం ఎలాగో వచ్చింది. ఆ మాట మాత్రం గుచ్చుకుని ఉండిపోయింది.

సీఈఓ అయ్యాక కూడా తడబడ్డారు. 2014 అక్టోబర్లో మహిళా కంప్యూటర్ నిపుణుల సదస్సులో మరియా క్లావ్ ఆయన్ని ఓ ప్రశ్న వేశారు. జీతం పెంచమని అడగడానికి సంకోచించే ఆడవాళ్లకి మీ సలహా ఏమిటని. వ్యవస్థమీద నమ్మకం ఉంచండి, దానంతటదే వస్తుందన్నట్టు జవాబిచ్చారు. అడగకపోవడం మంచి కర్మ అని కూడా అన్నారు. వేదికమీదే క్లావ్ ఆ మాటతో విభేదించారు. బయట దుమారం రేగింది. అదేరోజు ఉద్యోగులందరికీ లేఖ రాశారు నాదెళ్ల. తన జవాబు పూర్తిగా తప్పనీ, పెంచాలనిపిస్తే అడిగి తీరాలనీ. ఇక్కడ గమనించాల్సింది క్షమాపణ కాదు. మైక్రోసాఫ్ట్ బోర్డులో సభ్యురాలు అయివుండి కూడా క్లావ్ 'నేను ఒప్పుకోను' అని అందరిముందూ అనగలిగారు. 2008 డిసెంబర్లో హైదరాబాద్‌లో కరవైంది ఆ ఒక్క మాటే.

అయితే ఈ సానుభూతి పాఠాల్ని చదివి అక్కడంతా పాలూ తేనే ప్రవహిస్తున్నాయనుకుంటే పొరపాటు. నాదెళ్ల వచ్చిన ఏడాదే, 2014లో మైక్రోసాఫ్ట్ 18 వేల ఉద్యోగాలు తీసేసింది. అందులో ఎక్కువభాగం నోకియా నుంచి వచ్చినవాళ్లవి. 2023 జనవరిలో మరో పదివేలు. 2025లో మళ్లీ వేలల్లోనే. ఇది మనసుకి భారంగా ఉందని ఆయన ఉద్యోగులకి రాశారు. రాసినందువల్ల పోయిన ఉద్యోగాలేమీ తిరిగి రాలేదు. ఉద్యోగం ఊడిన ఇంట్లో కూర్చుని చదివితే అలాంటి లేఖలు వేరేగా వినిపిస్తాయి. మంచి కెప్టెన్ ఉన్నా జట్టులోంచి పేర్లు తీసేసే రోజు రాకపోదు.

కానీ జట్టులో ఉన్నవాడు తప్పు చేసిన రోజున కెప్టెన్ ఏం చేశాడన్నది వేరే సంగతి. 2016 మార్చి 23న మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు 'టే' అనే చాట్‌బాట్‌ని ట్విటర్‌లోకి వదిలారు. మనుషులతో మాట్లాడుతూ నేర్చుకునే కృత్రిమ మేధ అది. కొందరు పనిగట్టుకుని దానికి చెత్తంతా నేర్పారు. గంటల్లోనే జాతివిద్వేషపు మాటలు కక్కడం మొదలుపెట్టింది. ఒక్కరోజు కూడా గడవకుండానే ఆపేయాల్సి వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా పత్రికల్లో పరువు పోయింది. తయారుచేసినవాళ్లు తలెత్తుకోలేని పరిస్థితి. ఆ మర్నాడు మీటింగ్‌కి ఎలా వెళ్లాలి?

వాళ్లకి నాదెళ్ల నుంచి ఓ మెయిల్ వచ్చింది. విమర్శల్ని స్వీకరించండి, బాధపడ్డవాళ్ల గురించి ఆలోచించండి, నేర్చుకుంటూ ముందుకెళ్లండి, నేను మీవెంటే ఉన్నాను... స్థూలంగా సారాంశం ఇదీ. అదే ఏడాది డిసెంబర్లో మైక్రోసాఫ్ట్ నుంచి మరో చాట్‌బాట్ బయటికొచ్చింది. దాని పేరు 'జో'.